రోజుకి ఎన్ని పోస్టులు? ట్విట్టర్ పెట్టిన లెక్కల కథ

ఈ ఎపిసోడ్‌లో టెక్నాలజీ చరిత్ర మాట్లాడుకుందాం. కోడ్ ఒక్క లైను కూడా చూపించను, కాబట్టి కంప్యూటర్ అంటే భయం ఉన్నవాళ్ళు కూడా నిశ్చింతగా వినొచ్చు.

2024 జనవరి 1, సాయంత్రం 4 గంటల 10 నిమిషాలు, జపాన్ టైం. కొత్త సంవత్సరం అంటే అక్కడ మన సంక్రాంతి లాంటిది, పిల్లాపాపలతో అందరూ సొంతూళ్ళకి చేరే రోజు. ఆ రోజు నోటో ద్వీపకల్పంలో 7.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. పెద్ద సునామీ హెచ్చరిక జారీ చేశారు. ఆ స్థాయి హెచ్చరిక ఇవ్వడం 2011 తర్వాత అదే మొదటిసారి.

జపాన్‌లో 'నెర్వ్' అని ఒక ట్విట్టర్ అకౌంట్ ఉంది. ఇవాన్జెలియన్ అనే కార్టూన్ సిరీస్‌లోని ఒక సంస్థ పేరు అది. 2010లో ఆ సిరీస్ అభిమాని ఒకాయన సరదాగా మొదలుపెట్టాడు. వాతావరణ శాఖ హెచ్చరిక ఇవ్వగానే ఒక ప్రోగ్రాం దాన్ని తీసుకుని పోస్ట్ చేసేస్తుంది, మధ్యలో మనిషి చెయ్యి పడక్కర్లేదు. 2011 సునామీ తర్వాత దాని పేరు ఊరూరా తెలిసింది. లక్షల మంది దాన్ని చూసి జాగ్రత్త పడతారు. 2024లో ఆ సాయంత్రం, ఒకదాని వెనక ఒకటి ప్రకంపనలు వస్తుండగా, నెర్వ్ తన అనుచరులకి ఒక మాట చెప్పాల్సి వచ్చింది: ఆటోమేటిక్‌గా పోస్టులు పెట్టే పరిమితి అయిపోయింది, ఇక ఇక్కడ పెట్టలేకపోతున్నాం, మిగతా మార్గాల్లో చూడండి అని.

అసలు ఈ పరిమితి అనేది ఎక్కడినుంచి వచ్చింది? లెక్కపెట్టేది ఎవరు? ఎందుకు? ఈ ఎపిసోడ్ అంతా దాని గురించే.

ముందు 'ఏపీఐ' అంటే ఏంటో చెప్పుకుందాం. పాతకాలం ఇళ్ళకి వీధి గుమ్మం ఒకటి, దొడ్డి గుమ్మం ఒకటి ఉండేవి కదా. చుట్టాలు వీధి గుమ్మంలోంచి వస్తారు. పాలవాడు, చాకలి, కట్టెలు తెచ్చేవాడు దొడ్డి గుమ్మం దగ్గరికి వస్తారు. వెబ్‌సైట్‌కి కూడా అంతే. మనుషులు స్క్రీన్ మీద చూసేది వీధి గుమ్మం. వేరే ప్రోగ్రాములు వచ్చి 'ఫలానా పోస్టులు ఇవ్వు', 'ఈ పోస్టు పెట్టు' అని అడిగే చోటు దొడ్డి గుమ్మం. అదే ఏపీఐ. మన భాషలో 'దొడ్డిదారి' అంటే తప్పుడు దారి అనే అర్థం వచ్చేసింది గానీ, ఇక్కడ అలాంటిదేం లేదు. ఆ తలుపు కట్టింది ఇంటి యజమానే.

ట్విట్టర్ జనానికి అందుబాటులోకి వచ్చింది 2006 జూలైలో. దొడ్డి గుమ్మం తెరిచింది అదే ఏడాది సెప్టెంబర్‌లో, అంటే రెండు నెలలకే. ట్విట్టర్ పుట్టుకలోనే ఒక లెక్క ఉందని మీకు తెలిసే ఉంటుంది. 140 అక్షరాలు. ఎస్ఎంఎస్‌లో 160 పడతాయి, పేరు కోసం 20 తీసేస్తే మిగిలేవి 140. కానీ అది పోస్టు పొడవు లెక్క. మన కథ పోస్టుల సంఖ్య లెక్క.

2007 మార్చిలో అమెరికాలోని ఆస్టిన్‌లో ఒక టెక్నాలజీ ఉత్సవం జరిగింది. అక్కడ ట్విట్టర్ ఒక్కసారిగా పేలింది. రోజుకి 20,000 పోస్టులు ఉండేవి 60,000 అయ్యాయి. ఇప్పుడు వింటే నవ్వొస్తుంది, కానీ ఆ రోజుల్లో వాళ్ళ సర్వర్లకి అదే మోయలేని బరువు. తమాషా ఏంటంటే బరువు ఎక్కువగా వచ్చింది వీధి గుమ్మం నుంచి కాదు. ఏపీఐ మీద రాకపోకలు వెబ్‌సైట్ కంటే పది రెట్లు ఉన్నాయని కంపెనీ సహ వ్యవస్థాపకుడు బిజ్ స్టోన్ 2007లో చెప్పారు. బయటివాళ్ళు రాసిన యాప్‌లు నిమిషానికోసారి వచ్చి 'కొత్తవి ఏమైనా ఉన్నాయా? ఇప్పుడైనా ఉన్నాయా?' అని తలుపు కొడుతూ ఉండేవి. పోస్టాఫీసుకి పొద్దున్నించి పదిసార్లు వెళ్ళి మనియార్డర్ వచ్చిందా అని అడిగే ముసలాయన లాగా.

అందుకని లెక్క పెట్టారు. గంటకి 70 సార్లు మాత్రమే అడగాలి. 2008లో ట్విట్టర్ తరచూ పడిపోయేది. చిన్న పిట్టలన్నీ కలిసి ఒక తిమింగలాన్ని మోస్తున్న బొమ్మ గుర్తుందా? యీయింగ్ లూ అనే చిత్రకారిణి గీసింది. సైట్ పడిపోయినప్పుడల్లా ఆ బొమ్మ కనపడేది. ఆ రోజుల్లో 70ని ఇంకా కిందికి దించారు. సర్వర్లు కుదుటపడ్డాక 100 చేశారు, తర్వాత 150. మున్సిపాలిటీ కుళాయి నీళ్ళ లాగే అన్నమాట. ట్యాంకులో నీళ్ళు ఉంటే ఇంటికి నాలుగు బిందెలు, లేకపోతే రెండు.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా చూడాలి. ఈ 70, 100, 150 అన్నీ అడగడానికి, అంటే చదవడానికి. పోస్ట్ పెట్టడం ఈ లెక్కలోకి రాదు! పోస్ట్ పెట్టడానికి వేరే లెక్క ఉండేది, అది ప్రోగ్రాం మీద కాదు, అకౌంట్ మీద. ఒక అకౌంట్ రోజుకి 1,000 పోస్టులు పెట్టొచ్చు. తర్వాత అది 2,400 అయింది. చేత్తో టైప్ చేసినా, ప్రోగ్రాంతో పెట్టినా, ఎవరైనా ఒకటే. అంటే ఆ రోజుల్లో ట్విట్టర్ దృష్టిలో రాసేవాడు రాసేవాడే, మనిషా యంత్రమా అని అడగలేదు. ఎందుకంటే వాళ్ళకి కావలసింది రాసేవాళ్ళే. హోటల్ కొత్తగా తెరిచినవాడు వంటవాళ్ళని లెక్కపెట్టి గెంటడు కదా.

ఈ 2,400 లెక్క గురించి మన తెలుగువాళ్ళకి చెప్పక్కర్లేదు. సినిమా హీరోల పుట్టినరోజు ట్యాగ్‌లు ట్రెండ్ చేసే కుర్రాళ్ళకి ఇది నోటికొచ్చిన ఎక్కంలాంటిది. 2,400ని రోజంతటికీ ఒకేసారి ఇవ్వరు, అరగంటల ముక్కలుగా కోసి ఇస్తారు. ఒకే ఊపులో కొట్టేస్తే కాసేపు లాక్ అయిపోతుంది. దాన్నే వాళ్ళు 'ట్విట్టర్ జైలు' అంటారు. కొంచెం ఆగి ఆగి పెట్టాలి, అదే మాట మళ్ళీ మళ్ళీ కాపీ కొట్టకూడదు, అని ఒకరికొకరు చెప్పుకుంటారు. ఏ ఇంజనీరింగ్ కాలేజీలోనూ నేర్పని విషయం, అభిమానం నేర్పించేసింది! నేను వెక్కిరించడం లేదు. నాకు తెలిసిన కొంతమంది ప్రోగ్రామర్ల కంటే వాళ్ళకే ఈ పరిమితుల మీద అవగాహన ఎక్కువ.

ఇంకో సరదా సంగతి చెప్పి ముందుకెళ్తాను. వెబ్‌లో ప్రతి జవాబుకీ ఒక నంబర్ ఉంటుంది. 404 అంటే పేజీ లేదు అని అందరికీ తెలుసు. ఎక్కువసార్లు అడిగేవాళ్ళకి ఏ నంబర్ ఇవ్వాలో అప్పట్లో ప్రమాణం లేదు. ట్విట్టర్ వాళ్ళు తమంతట తాము 420 అనే నంబర్ కనిపెట్టి, 'కొంచెం శాంతించు' అనే అర్థం వచ్చే మాట ఒకటి తగిలించారు. అది డెమాలిషన్ మ్యాన్ అనే 1993 హాలీవుడ్ సినిమాలో మాట. మనకేమో 420 అంటే ఇంకో అర్థం! వాళ్ళకి తెలిసుండదు లెండి. 2012లో ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్ళు 429 అనే నంబర్‌ని దీనికోసం అధికారికంగా కేటాయించారు. ఇప్పుడు అంతటా అదే.

సరే. ఇక్కడిదాకా కథ మంచిగానే ఉంది. యంత్రం చిన్నది, జనం ఎక్కువ, కాబట్టి రేషన్. ఎవరూ తప్పు పట్టరు. 2010 తర్వాత గాలి మారింది.

మొదట్లో ట్విట్టర్ దగ్గర 'వైట్ లిస్ట్' ఉండేది. మంచి పని చేస్తున్నామని దరఖాస్తు పెడితే గంటకి 20,000 సార్లు అడిగే అనుమతి ఉచితంగా ఇచ్చేవారు. 2011 ఫిబ్రవరిలో కొత్తవాళ్ళకి ఇవ్వడం ఆపేశారు. నెల తిరక్కుండా, మార్చిలో ఇంకో మాట చెప్పారు: మా యాప్ లాంటి యాప్‌లు మీరు ఇక కొత్తగా కట్టొద్దు అని. ఎంత విడ్డూరమో చూడండి. ఐఫోన్‌కి ట్విట్టర్ సొంత యాప్ లేని కాలంలో యాప్‌లు కట్టింది ఈ బయటివాళ్ళే. ట్విట్టరిఫిక్ అనే యాప్ 2007లోనే వచ్చింది. 'ట్వీట్' అనే మాట, పిట్ట బొమ్మ ముందు వాడింది వాళ్ళే. ఇల్లు నిలబెట్టిన మేస్త్రీలకి ఇంట్లోకి ప్రవేశం లేదు అన్నట్టు అయింది.

2012 ఆగస్టు 16న అసలు దెబ్బ పడింది. బయటి యాప్ ఏదైనా సరే, 1,00,000 మంది వాడకందార్లు దాటకూడదు, దాటాలంటే మా అనుమతి కావాలి అన్నారు. ఇది చూడండి, గంటకి ఇన్ని సార్లు అనే లెక్క కాదు. యంత్రం మోయగలదా లేదా అన్న ప్రశ్నే ఇందులో లేదు. నీ వ్యాపారం ఇంతకంటే పెరగకూడదు అనే లెక్క. ట్వీట్‌బాట్ అనే యాప్ మ్యాక్ కంప్యూటర్లకి ఆ అక్టోబర్‌లో వస్తూ 20 డాలర్ల ధర పెట్టింది. ఎందుకంత అంటే, అమ్మగలిగేది లెక్కపెట్టి లక్ష టిక్కెట్లే మరి. ఇంకో యాప్, ఫాల్కన్ ప్రో, 2013లో లక్ష నిండి హౌస్‌ఫుల్ బోర్డు పెట్టుకుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి మన దేశంలోకి వద్దాం, ఎందుకంటే సరిగ్గా ఆ మర్నాడే ఇక్కడ ఒకటి జరిగింది. 2012 ఆగస్టు 17. ఈశాన్య రాష్ట్రాల వాళ్ళ మీద దాడులు జరగబోతున్నాయని పుకార్లు పుట్టాయి. ఎస్ఎంఎస్‌లలో, ఎంఎంఎస్‌లలో పాకిపోయాయి. బెంగళూరు స్టేషన్‌లో వేలమంది రైళ్ళెక్కి వెళ్ళిపోయారు, హైదరాబాద్ నుంచి కూడా కొందరు వెళ్ళారు. కేంద్ర ప్రభుత్వం 15 రోజుల పాటు ఒకేసారి 5 కంటే ఎక్కువ మందికి ఎస్ఎంఎస్ పంపకూడదని ఆంక్ష పెట్టింది. కొద్దిరోజులకి దాన్ని 20 చేశారు. అంతకుముందు ఏడాది, 2011 సెప్టెంబర్‌లో ట్రాయ్ వాళ్ళు సిమ్‌కి రోజుకి 100 ఎస్ఎంఎస్‌లు అని పెట్టి, నవంబర్‌లో 200 చేశారు. అది ప్రకటనల మెసేజ్‌ల బాధ తగ్గించడానికి. మామూలు మనిషి సొంత మెసేజ్‌లకి అది వర్తించదని 2012 జూలైలో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. పండగ రోజుల్లో ఎస్ఎంఎస్ ప్యాక్‌లు పని చేయవని అర్ధరాత్రి లోపే హ్యాపీ న్యూ ఇయర్ కొట్టేసిన తరం మనది. కాబట్టి 'రోజుకి ఇన్నే' అనే మాట మనకి కొత్త కాదు.

కానీ రెండిటికీ తేడా చూడండి. ఇక్కడ ట్రాయ్ లెక్క పెడితే కోర్టుకి వెళ్ళి అడిగే వీలుంది. అడిగారు, మార్చుకున్నారు. అక్కడ కంపెనీ లెక్క పెడితే అడగడానికి ఒక ఈమెయిల్ అడ్రస్ ఉంటుంది. 2015 అక్టోబర్‌లో ట్విట్టర్ అధిపతి జాక్ డోర్సీ వేదిక మీద నిలబడి ప్రోగ్రామర్లకి క్షమాపణ చెప్పారు, మన సంబంధం చెడింది, మళ్ళీ మొదలుపెడదాం అని. మంచిదే. క్షమాపణ వచ్చింది గానీ లక్ష పరిమితి అలాగే ఉంది.

ఈలోగా యంత్రం ఏమైంది? 2013 ఆగస్టు 2న జపాన్ టీవీలో మియాజాకి గారి ఒక పాత యానిమేషన్ సినిమా వేశారు. అందులో ఒక మంత్రం ఉంటుంది, ఆ ఘట్టం రాగానే ప్రేక్షకులంతా ఒకేసారి ఆ మాట ట్వీట్ చేయడం అక్కడి ఆచారం. ఆ ఒక్క సెకనులో 1,43,199 ట్వీట్లు వచ్చాయి. ట్విట్టర్ తొణకలేదు. ఆ విషయం వాళ్ళే గర్వంగా ప్రకటించారు. రోజుకి 60,000 మోయలేక కూలిపోయిన సంస్థ, ఆరేళ్ళలో సెకనుకి లక్షన్నర దాకా మోసింది. అంటే ట్యాంకు నిండింది. అయినా కుళాయి దగ్గర బిందెల లెక్క పోలేదు. నాకైతే ఈ చరిత్ర మొత్తంలో ఇదే ముఖ్యమైన మలుపు. కరువులో పెట్టిన రేషన్, కరువు పోయాక వ్యాపారానికి పనికొచ్చింది.

న్యాయంగా ఇంకోవైపు కూడా చెప్పాలి. 2016 అమెరికా ఎన్నికల్లో రష్యా నుంచి నడిచిన దొంగ అకౌంట్లు, వేలకొద్దీ బాట్లు బయటపడ్డాక ట్విట్టర్ మీద ఒత్తిడి వచ్చింది. 2018 ఫిబ్రవరిలో ఒకే మాటని ఒకేసారి అనేక అకౌంట్లలో పెట్టే ప్రోగ్రాములని నిషేధించారు. ఆ జూలైలో ఇంకో పెద్ద మార్పు ప్రకటించి సెప్టెంబర్‌లో అమల్లోకి తెచ్చారు: ఒక యాప్, దాన్ని ఎంతమంది వాడినా సరే, మామూలుగా మూడు గంటలకి 300 పోస్టులే పెట్టాలి. ఎక్కువ కావాలంటే అడిగి, ఏ పనికో చెప్పి తీసుకోవాలి. మూడు నెలల్లో 1,43,000 యాప్‌లని తీసేశామని కూడా చెప్పారు. దీన్ని నేను తప్పు పట్టను. పోస్టు పెట్టే యంత్రాన్ని లెక్కపెట్టడం ఇక్కడే గట్టిగా మొదలైంది, కారణం కూడా ఉంది. వంద అకౌంట్లతో ఒకడే అరుస్తుంటే ఆపాలి కదా. ఆపారు. భూకంపం హెచ్చరికలు పెట్టేవాళ్ళు, బస్సులు ఆలస్యమని చెప్పేవాళ్ళు అనుమతి అడిగి తీసుకుని నడిపించుకున్నారు.

2022 అక్టోబర్‌లో ఎలాన్ మస్క్ కొన్నారు. 2023 జనవరిలో ట్వీట్‌బాట్, ట్విట్టరిఫిక్ లాంటి బయటి యాప్‌లు రాత్రికి రాత్రి ఆగిపోయాయి. ముందు ఒక్క మాట చెప్పలేదు, నిబంధనలు వారం తర్వాత మార్చారు. ఫిబ్రవరి 2న, ఇక ఉచిత ఏపీఐ లేదు, వారంలో ఆపేస్తాం అన్నారు. గోల మొదలైతే తేదీ జరిపారు. మార్చి నెలాఖరుకి కొత్త ధరల పట్టిక వచ్చింది. ఉచితం అయితే యాప్‌కి నెలకి 1,500 పోస్టులు, చదవడానికి దాదాపు ఏమీ లేదు. 100 డాలర్లు కడితే అకౌంట్‌కి నెలకి 3,000. ఆపైన పెద్ద కంపెనీల ధర, నెలకి పదుల వేల డాలర్లలో.

1,500ని 30తో భాగించండి. రోజుకి 50. మామూలు బాట్‌కి చాలు. పొద్దున ఒక పద్యం, సాయంత్రం ఒక బొమ్మ పెట్టేవాళ్ళకి బోలెడు. అమెరికా జాతీయ వాతావరణ సంస్థకి చాలదు. 2023 ఏప్రిల్ మధ్యలో వాళ్ళ అకౌంట్లు ఒక్కొక్కటీ ప్రకటన పెట్టాయి: ట్విట్టర్ ఆటోమేటిక్ పోస్టులని పరిమితం చేస్తోంది, అన్ని హెచ్చరికలూ ఇక్కడ వస్తాయనుకోవద్దు అని. సునామీ హెచ్చరికల అకౌంట్ కూడా అందులో ఉంది. చేత్తో పెట్టొచ్చు కదా అనొచ్చు మీరు. సుడిగాలి వచ్చేటప్పుడు ఒక మనిషి హెచ్చరిక చదివి, ట్వీట్‌గా రాసి, మ్యాప్ తగిలించి పెట్టేసరికి కొన్ని నిమిషాలు పోతాయి. సుడిగాలి హెచ్చరికకీ గాలి ఇంటిమీదికి రావడానికీ మధ్య ఉండేదే కొన్ని నిమిషాలు.

న్యూయార్క్ మెట్రో రైళ్ళు, బస్సులు నడిపే సంస్థది ఇంకో కథ. వాళ్ళ యాక్సెస్ ఏప్రిల్‌లో రెండుసార్లు తెగిపోయింది. నెలకి 50,000 డాలర్ల దాకా అవుతుందని తేలింది. ప్రయాణికుల డబ్బు దీనికి పెట్టం అని ఏప్రిల్ 27న వాళ్ళు ట్విట్టర్‌లో సర్వీస్ సమాచారం ఇవ్వడమే మానేశారు. అయిదు రోజులకి ట్విట్టర్ దిగి వచ్చింది. వాతావరణం, రవాణా, అత్యవసర హెచ్చరికలు ఇచ్చే ప్రభుత్వ సంస్థలకి ఏపీఐ ఉచితం అని మే 2న ప్రకటించింది. రెండు రోజులకి మెట్రో వాళ్ళు తిరిగొచ్చారు. ఈ వ్యవహారంలో నాకు నచ్చింది ఆ సంస్థ పద్ధతి. బతిమాలలేదు, లేచి వెళ్ళిపోయింది.

ఇప్పుడు లెక్క అసలు చిక్కు ఎక్కడుందో చెప్తాను. నెలకి ఇన్ని, రోజుకి ఇన్ని అని పెట్టేవాళ్ళు సగటు చూసి పెడతారు. హెచ్చరికలకి సగటు అనేది ఉండదు. నెలంతా పది ఉంటాయి, ఒక్క రాత్రిలో వందలు వస్తాయి. ప్రతి ప్రకంపనకీ ఒకటి, ప్రతి జిల్లాకీ సునామీ ఎత్తు ఒకటి, మార్చినప్పుడల్లా ఇంకోటి. స్పామ్ పట్టుకునే ప్రోగ్రాం కళ్ళతో చూడండి: ఒక అకౌంట్, చిన్న చిన్న తేడాలతో దాదాపు ఒకే రకం వాక్యాలు, నిమిషానికి అన్ని. అచ్చం దొంగ బాట్ లాగే ఉంటుంది! మంచి హెచ్చరికకీ చెడ్డ స్పామ్‌కీ సంఖ్యలో తేడా లేదు, చదివితేనే తేడా. లెక్కపెట్టే యంత్రం చదవదు. నోటో సాయంత్రం నెర్వ్‌కి జరిగింది అదే. ప్రశాంతమైన రోజుల్లో ఎప్పుడూ తగలని గోడ, జనం ఫోన్లు చేతిలో పట్టుకుని చూస్తున్న గంటలో తగిలింది.

నెర్వ్ వాళ్ళు 2019లోనే సొంత ఫోన్ యాప్ తెచ్చుకున్నారు, మాస్టడాన్‌లో సొంత సర్వర్ కూడా నడుపుతున్నారు. కాబట్టి ఆ రోజు చూపించడానికి వేరే దారి ఉంది. తర్వాత ట్విట్టర్ ఉచిత లెక్క ఇంకా తగ్గింది, 2024 చివరికి నెలకి 500 పోస్టులు అయింది.

మన దగ్గర సంగతి అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. 2023లో మీ అందరి ఫోన్లూ ఒకరోజు ఒకేసారి పెద్దగా మోగి, స్క్రీన్ మీద ఇది పరీక్ష మాత్రమే అని మెసేజ్ వచ్చింది గుర్తుందా? చాలామంది హడలిపోయారు. దాన్ని సెల్ బ్రాడ్‌కాస్ట్ అంటారు. అది ఎస్ఎంఎస్ కాదు, ఒక్కొక్క నంబర్‌కీ విడిగా పంపరు. టవర్ ఒక్కసారి అంటుంది, దాని పరిధిలో ఉన్న ఫోన్లన్నీ వింటాయి. పదిమంది ఉన్నా పదివేల మంది ఉన్నా టవర్‌కి ఒకటే పని, కాబట్టి అక్కడ ఎన్ని పంపావు అనే లెక్కకి చోటే లేదు. అది ఎలా పని చేస్తుంది, తుఫాను సమయంలో కరెంటు పోయి టవర్లు ఆగిపోతే ఏమవుతుంది అనేది పెద్ద విషయం. అది వచ్చే ఎపిసోడ్‌లో.